స్టైల్ మార్చినా మారని పేరాలు: 200 పేజీల మాన్యువల్‌ను బాగుచేసిన కేసు

పరికరాల మాన్యువల్ ఒకటి మరమ్మతుకు వచ్చింది. 200 పేజీలు దాటిన వర్డ్ ఫైలు. తెలుగులో రాసినదే, మధ్యమధ్య మోడల్ పేర్లూ విడిభాగాల కోడ్లూ రోమన్ లిపిలో ఉన్నాయి. ఒక్కో అధ్యాయం ఒక్కొక్కరు రాశారు, అన్నింటినీ ఒకచోట అతికించింది వేరొకరు. వర్డ్‌లో స్టైల్ అంటే ఫాంటు, సైజు, ఎడం వంటివన్నీ కలిపి ఒక పేరుతో దాచిన రూపం. ఫైలుతో పాటు వచ్చిన ఫిర్యాదులు మూడు. బాడీ టెక్స్ట్ స్టైల్‌లో సైజును 11 నుంచి 12 పాయింట్లకు పెంచితే కొన్ని పేరాలు అసలు కదలలేదు, కొన్నింటిలో రోమన్ అక్షరాలు మాత్రమే పెరిగాయి. విషయసూచికలోకి చాలా శీర్షికలు రావడం లేదు. ఈ గొడవంతా ఎందుకని మూడో అధ్యాయంలో ఫార్మాటింగ్ మొత్తం తుడిచేసి చూశారు, అది మరింత పాడైంది.

నేను మూడో ఫిర్యాదుతో మొదలుపెట్టాను. మిగతా రెండూ చూపుకు ఎబ్బెట్టుగా ఉంటాయి, అంతే. తుడిచేసిన చోట మాత్రం సమాచారమే పోయి ఉండవచ్చు. అనుమానించినట్టే జరిగింది. మూడో అధ్యాయంలో ఒక కొలతల వాక్యం ఉంది. అసలు రూపంలో అక్కడ పది, దాని నెత్తిన చిన్న మూడు, అంటే వెయ్యి. తుడిచిన తర్వాత ఆ మూడు కిందికి దిగి పది పక్కన నిలబడింది. చదివేవారికి అది నూట మూడు. అక్షరదోషాల తనిఖీకి ఇది దొరకదు, ఎందుకంటే 103 కూడా నిక్షేపమైన సంఖ్యే.

వారు నొక్కింది హోమ్ ట్యాబ్‌లో రబ్బరు బొమ్మతో ఉండే బటన్. అది పైపూతను తుడవడంతో ఆగదు, ఎంచుకున్న పేరాలను నార్మల్ స్టైల్‌కు కూడా తిప్పేస్తుంది. అందుకే ఆ అధ్యాయంలో సరిగ్గా హెడింగ్ స్టైల్‌లో ఉన్న శీర్షికలు కూడా మామూలు పేరాలుగా మారి విషయసూచిక నుంచి మాయమయ్యాయి. ఆ అధ్యాయాన్ని బాగుచేసే ప్రయత్నం నేను చేయలేదు. రచయిత దగ్గర ఉన్న పాత ప్రతిని తెప్పించి దాని స్థానంలో పెట్టాను.

ఎవరి మాట చెల్లుతుంది

వర్డ్‌లో ఒక అక్షరం ఎలా కనబడాలో వరుసగా కొన్ని పొరలు నిర్ణయిస్తాయి. అట్టడుగున డాక్యుమెంట్ డిఫాల్ట్‌లు, వాటి మీద టేబుల్ స్టైల్, ఆపైన పేరాగ్రాఫ్ స్టైల్, దాని మీద కొన్ని మాటలకే వేసుకునే క్యారెక్టర్ స్టైల్. అన్నింటికంటే పైన మనం టూల్‌బార్ బటన్లతో అక్కడికక్కడ పెట్టే బోల్డూ సైజూ ఇండెంటూ. దీన్నే డైరెక్ట్ ఫార్మాటింగ్ అంటారు, నేను పైపూత అంటున్నదీ దీన్నే. ఏ లక్షణం విషయంలోనైనా పై పొర ఏదైనా చెబితే కింది పొర మాట చెల్లదు. పై పొర ఏమీ చెప్పకపోతేనే కిందిది కనబడుతుంది.

కాబట్టి స్టైల్ నిర్వచనంలో 12 పాయింట్లు అని మార్చితే, పైన డైరెక్ట్‌గా 11 అని రాసి ఉన్న పేరా ఆ మార్పును పట్టించుకోదు. గోడకు కొత్త రంగు వేసినా దాని మీద అంటించిన కాగితం రంగు మారదు కదా. ఇది లోపం కాదు, ఆ పొర ఉన్నదే అందుకు.

వర్డ్‌లో షిఫ్ట్-ఎఫ్1 నొక్కితే పక్కన ఒక పలక తెరుచుకుంటుంది. అందులో ఏ లక్షణం ఏ స్టైల్ నుంచి వచ్చిందో వేరుచేసి చూపమనే గడి ఒకటి ఉంటుంది, ఎంచుకున్న రెండు ముక్కలను పోల్చే గడి ఇంకొకటి. మారిన పేరానూ మారని పేరానూ పోల్చి చూస్తే మొదటి ఫిర్యాదు గుట్టు తేలిపోయింది. రెండూ బాడీ టెక్స్ట్ స్టైలే. మారని పేరాలో మాత్రం స్టైల్ మీద ఫాంటు పేరు, సైజు, వరుసల మధ్య ఎడం డైరెక్ట్‌గా ఉన్నాయి. ఆ పేరాను రాసినవారు అవేవీ కావాలని పెట్టలేదు. అధ్యాయాలు కలిపేటప్పుడు మూలంలోని రూపాన్ని అలాగే ఉంచే పద్ధతిలో అతికించారు. అప్పుడు వర్డ్ మూలానికీ గమ్యానికీ స్టైల్‌లో ఉన్న తేడాను డైరెక్ట్ ఫార్మాటింగ్‌గా మార్చి తెస్తుంది. ఇలాంటి ఫైళ్లలో పేరుకున్న మురికిలో ఎక్కువ భాగం ఎవరూ చేతితో పెట్టినది కాదని నా అనుభవం. అతికింపులతో వచ్చి చేరినదే.

రోమన్ అక్షరాలే పెరగడం

ఇది తెలుగులో పనిచేసేవారు తప్పక తెలుసుకోవలసిన సంగతి. వర్డ్ ప్రతి స్టైల్‌లోనూ ఫాంటుకూ సైజుకూ బోల్డుకూ ఒక్కో గడి మాత్రమే పెట్టుకోదు. రోమన్ లిపికి ఒక గడి, సంక్లిష్ట లిపులకు మరో గడి. తెలుగు రెండో దానిలోకి వస్తుంది. వర్డ్ దాచే డాక్ఎక్స్ ఫైలు నిజానికి జిప్ చేసిన సంచి. దాన్ని విప్పి స్టైల్స్ ఉన్న ఫైలు తెరిస్తే బాడీ టెక్స్ట్ దగ్గర రెండు అంకెలు కనిపించాయి: 24, 22. లోపల సైజును అర పాయింట్లలో రాస్తారు కనుక రోమన్‌కు 12 పాయింట్లు, తెలుగుకు ఇంకా పాత 11. స్టైల్ మార్చినవారు ఫాంట్ డైలాగ్ పై భాగంలో అంకె మార్చి, కింద సంక్లిష్ట లిపుల కోసం ఉన్న భాగాన్ని చూడలేదు. లిబ్రేఆఫీస్ రైటర్‌లోనూ ఇదే ఏర్పాటు. భాషల సెట్టింగుల్లో సంక్లిష్ట లిపులను చేతనం చేస్తేనే ఆ రెండో భాగం డైలాగ్‌లో కనబడుతుంది, లేకపోతే అది ఉందన్న సంగతే తెలియదు.

ఇది డైరెక్ట్ ఫార్మాటింగ్ సమస్యగా పైకి కనిపించి, నిజానికి స్టైల్ సమస్యగా తేలిన భాగం. రెండో గడి దిద్దగానే శుభ్రంగా ఉన్న పేరాలన్నీ ఒక్కసారిగా సర్దుకున్నాయి. ఇక మిగిలినవి నిజంగా పైపూత ఉన్నవే. తెలుగు ఫైలు ఏదైనా సరే, ముందు రెండు గడులూ సరిచూసుకుని తర్వాతే పైపూత లెక్క పట్టడం మేలు. లేకపోతే నిర్దోషులైన పేరాలను కూడా తుడుస్తాం.

సగం సూత్రం

రచయితలు ఇంకో వింత చెప్పారు. పేరాకు స్టైల్ మళ్లీ వేస్తే కొన్నిచోట్ల బోల్డ్ పోతోంది, కొన్నిచోట్ల ఉంటోంది, దీనికి ఒక పద్ధతంటూ లేదని. పద్ధతి ఉంది. వర్డ్‌లో పేరాగ్రాఫ్ స్టైల్ వేసినప్పుడు, ఒక డైరెక్ట్ అక్షర లక్షణం ఆ పేరాలో సగానికి మించి పరుచుకుని ఉంటే దాన్ని తీసేస్తుంది, సగమో అంతకంటే తక్కువో ఉంటే అలాగే ఉంచుతుంది. దీని వెనుక ఉన్న ఊహ తెలివైనదే. పేరాలో ఒకటి రెండు మాటలు బోల్డ్‌లో ఉంటే రాసినవారు నొక్కిచెప్పాలనుకున్నారన్నమాట. పేరా అంతా బోల్డ్ అయితే అది పేరా రూపం, కొత్త స్టైల్ వేస్తున్నాం కనుక పాత రూపం పోవాలి.

కానీ ఈ మాన్యువల్‌లో బోల్డ్ మూడు పనులు చేస్తోంది. మీట పేర్లకు బోల్డ్: వాక్యంలో ఒకటి రెండు మాటలు. దొంగ శీర్షికలకు బోల్డ్: నార్మల్ పేరాకే సైజు పెంచి బోల్డ్ పెట్టినవి. భద్రతా హెచ్చరికలకు కూడా బోల్డే: మూత తెరిచే ముందు విద్యుత్ సరఫరా ఆపాలి అనే తరహావి, పేరా మొత్తం. ఎవరో ఒక అధ్యాయమంతా ఎంచుకుని బాడీ టెక్స్ట్ వేస్తే ఏమవుతుందో చూడండి. మీట పేర్లు బోల్డ్‌లోనే నిలుస్తాయి. హెచ్చరికలు మామూలు వాక్యాల్లో కలిసిపోతాయి. అన్నింటికంటే ముఖ్యమైనదే ముందు పోతుంది. రెండు అధ్యాయాల్లో ఇది అప్పటికే జరిగిపోయి ఉంది. అక్కడి హెచ్చరికలు ఏవో ఇక ఫైలు చూసి చెప్పలేం, కాబట్టి రచయితలనే కూర్చోబెట్టి గుర్తు పెట్టించాను.

అదే సూత్రం దొంగ శీర్షికల దగ్గర నాకు పనిచేసింది. ఫైండ్-రీప్లేస్‌లో అక్షరాలేమీ రాయకుండా ‘బోల్డ్, 14 పాయింట్లు’ అన్న రూపాన్ని మాత్రమే వెతకమని, దాని స్థానంలో హెడింగ్ 2 స్టైల్ పెట్టమని అడగవచ్చు. పేరా మొత్తం బోల్డే కనుక స్టైల్ పడగానే పాత పూత తనంతట తానే రాలిపోయింది. విషయసూచికలో రాని శీర్షికలు చాలా వరకు అలా వచ్చేశాయి. మిగిలిన కొన్ని 13.5 వంటి విచిత్రమైన సైజుల్లో ఉండి తప్పించుకున్నాయి, వాటిని నావిగేషన్ పలక చూస్తూ ఒక్కొక్కటిగా పట్టుకోవలసి వచ్చింది. హెడింగ్ 1లో మరో తిరకాసు దొరికింది. ఆ స్టైల్‌కు ‘తనంతట తానే మారు’ అనే గడి టిక్ అయి ఉంది. అది ఉంటే ఒక శీర్షికను మధ్యకు జరిపినా స్టైలే మారిపోయి అన్ని శీర్షికలూ మధ్యకు పోతాయి. నార్మల్ స్టైల్‌కు వర్డ్ ఆ గడి ఇవ్వదు, ఇవ్వకపోవడమే క్షేమం. టిక్ తీసేశాను.

తుడవడానికి ముందు

ఇక్కడే నాకు గట్టి అభిప్రాయం ఉంది. డైరెక్ట్ ఫార్మాటింగ్ చెడ్డదనీ అంతా తీసేయాలనీ చెప్పేవారు చాలామంది ఉన్నారు. ఆ పొరలో చెత్తా ఉంటుంది, అర్థమూ ఉంటుంది, రెండూ ఒకే రూపంలో ఉంటాయి. ఫాంటు పేరు చెత్త, ఘాతాంకం అర్థం. వర్డ్‌కు ఆ తేడా తెలియదు. అందుకే అర్థాన్ని పొర మార్చి భద్రపరిచాకే చీపురు పట్టాలి.

మామూలు సలహా ఏమిటంటే బోల్డ్ మాటలను వెతికి క్యారెక్టర్ స్టైల్‌గా మార్చి, ఆ తర్వాత అంతా ఎంచుకుని కంట్రోల్-స్పేస్ నొక్కమని. వర్డ్‌లో ఈ సలహా బెడిసికొడుతుంది. కంట్రోల్-స్పేస్ డైరెక్ట్ పూతతో పాటు క్యారెక్టర్ స్టైల్‌ను కూడా తీసేస్తుంది. ఫుట్‌నోట్లు ఉన్న ఫైలులో ఇలా చేస్తే పైన చిన్నగా ఉండవలసిన నోటు అంకెలన్నీ కిందికి దిగి మాటల పక్కన నిలబడతాయి, ఎందుకంటే వాటిని పైకి ఎత్తి ఉంచేదీ ఒక క్యారెక్టర్ స్టైలే.

కాబట్టి నేను అర్థాన్ని రూపంగా కాక అక్షరాలుగా దాచాను. ముందు హెచ్చరికలకు హెచ్చరిక అనే పేరాగ్రాఫ్ స్టైల్ వేశాను. ఆ తర్వాత మిగిలిన బోల్డ్ అంతా వాక్యం మధ్యలోనిదే, అంటే మీట పేర్లు. ఫైండ్‌లో బోల్డ్ అని, రీప్లేస్‌లో «^&» అని పెడితే దొరికిన ప్రతి ముక్క చుట్టూ ఆ గుర్తులు చేరతాయి. నెత్తిన ఉన్న అంకెలకు వేరే గుర్తులు, ‹ ›. ముందుగా ఈ గుర్తులు ఫైలులో మరెక్కడా లేవని వెతికి చూసుకున్నాను. ఒక చిన్న చిక్కు కూడా ఉంది. వాక్యం చివరి మాట బోల్డ్ అయినప్పుడు తరచూ పేరా ముగింపు గుర్తు కూడా బోల్డ్ అయి ఉంటుంది. అప్పుడు ముగింపు » తర్వాతి పేరా మొదట్లో పోయి పడుతుంది. దీనికి విరుగుడుగా ముందే బోల్డ్‌లో ఉన్న పేరా గుర్తులను మాత్రం వెతికి బోల్డ్ కానివిగా మార్చాలి. కంట్రోల్-షిఫ్ట్-8 నొక్కి దాచిన గుర్తులు కనబడేలా పెట్టుకుంటే ఇలాంటివి కంటికి ఆనతాయి.

అంకెల వరుసలకూ ఇలాంటి జాగ్రత్తే అవసరమైంది. బటన్‌తో పెట్టిన 1, 2, 3 కూడా పేరా మీది డైరెక్ట్ ఫార్మాటింగే, కంట్రోల్-క్యూ నొక్కితే అవీ పోతాయి. మాన్యువల్‌లో అడుగుల వరుస పోతే ఇక మిగిలేదేముంది. అడుగు అనే స్టైల్ చేసి, అంకెలను ఆ స్టైల్‌కే ముడిపెట్టి, వరుసలన్నింటికీ అది వేశాను. దూరం కోసం కొట్టిన ఖాళీ పేరాలను తీసేసి ఆ ఎడాన్ని స్టైల్‌లోనే పేరాకు ముందూ వెనుకా పెట్టాను. కొత్త పేజీ కోసం వరుసగా ఎంటర్ కొట్టిన చోట్ల హెడింగ్ 1లోనే ‘ముందు పేజీ విరుపు’ పెట్టాను. వీటి గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు.

అప్పుడు గానీ మొత్తం ఎంచుకుని కంట్రోల్-క్యూ, కంట్రోల్-స్పేస్ నొక్కలేదు. ఆ తర్వాత వైల్డ్‌కార్డులు చేతనం చేసి «(*)» అని వెతికి, \1 (అంటే ఆ గుర్తుల మధ్య దొరికిన ముక్క) అని పెట్టి, దానికి మీట పేరు అనే క్యారెక్టర్ స్టైల్ తగిలించాను. గుర్తులు పోయాయి, స్టైల్ మిగిలింది. ఘాతాంకాలకూ అదే పద్ధతి, పై అంకె అనే స్టైల్‌తో.

రెండు బోల్డులు కలిసి సున్నా

ఇంత చేశాక హెచ్చరిక పేరాల్లో విచిత్రం ఎదురైంది. హెచ్చరిక స్టైల్ బోల్డ్. మీట పేరు స్టైల్ కూడా బోల్డ్. హెచ్చరిక లోపల మీట పేరు వచ్చిన చోట ఆ మాట పలచబడింది! పేరా అంతా బోల్డ్, అందరికంటే ప్రస్ఫుటంగా ఉండవలసిన మాట మాత్రం సన్నగా.

ఇది డాక్ఎక్స్ ప్రమాణంలోనే ఉన్న నియమం. ఈసీఎంఏ-376 పేరుతో 2006లో తొలిసారి వెలువడిన ఆ ప్రమాణం బోల్డ్, ఇటాలిక్, స్మాల్ క్యాప్స్, కొట్టివేత, దాచిన అక్షరాలు వంటి కొన్నింటిని టాగుల్ లక్షణాలుగా పరిగణిస్తుంది. పేరాగ్రాఫ్ స్టైల్ బోల్డ్ అని, దాని మీది క్యారెక్టర్ స్టైల్ కూడా బోల్డ్ అని చెబితే అవి కూడవు, ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఇటాలిక్ పేరాలో నొక్కిచెప్పే మాట నిలువుగా కనబడాలన్న పాత ముద్రణ సంప్రదాయానికి ఇది బాగా నప్పుతుంది. బోల్డ్ హెచ్చరికలో మీట పేరుకు అసలే నప్పదు. డైరెక్ట్‌గా పెట్టిన బోల్డ్‌కు ఈ లెక్క వర్తించదు, అది ఉన్నదంటే ఉన్నదే. అందుకే పాత ఫైలులో ఈ ఇబ్బంది ఎవరికీ ఎదురుకాలేదు. శుభ్రం చేశాకే బయటపడింది.

పలచబడిన మాటల మీద మళ్లీ కంట్రోల్-బి కొట్టవచ్చు, కనబడటానికి సరిపోతుంది. రేపు హెచ్చరిక స్టైల్ మారితే మళ్లీ మొదటికే వస్తాం. అందుకని హెచ్చరిక స్టైల్ నుంచి బోల్డ్ తీసేసి ఎడమవైపు మందపాటి గీత, వెనుక లేత ఛాయ పెట్టాను. మీట పేరు బోల్డ్‌గానే ఉంది. రచయితల్లో ఒకరికి ఇది నచ్చలేదు, హెచ్చరిక అంటే బోల్డే ఉండాలన్నారు. పేరా అంతా బోల్డ్‌లో ఉన్న తెలుగు చదవడం ఎంత కష్టమో ముద్రించిన పేజీ పక్కన పెట్టి చూపించాను. ఒత్తులూ గుడులూ దట్టమై ఒకదానిలో ఒకటి ఇరుక్కుంటాయి.

సరిచూసుకోవడం

శుభ్రం చేసిన ఫైలులో మాటలు మారలేదని రుజువు కావాలి. వర్డ్‌లోని కంపేర్‌తో పాత ప్రతినీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి, ఫార్మాటింగ్ తేడాలు చూడవద్దని గడి తీసేసి పోల్చాను. తీసేసిన ఖాళీ పేరాలు తప్ప తేడాలు ఉండకూడదు. కానీ ఈ పరీక్ష ఘాతాంకాలను పట్టుకోలేదు, ఎందుకంటే పది మీది మూడైనా పది పక్కన మూడైనా పోలికకు అక్షరాలు ఒకటే. వాటికి వేరే లెక్క తీశాను. గుర్తులు పెట్టినప్పుడు రీప్లేస్ ఎన్ని చోట్ల మార్చానని చెప్పిందో, స్టైల్ తగిలించినప్పుడూ అదే సంఖ్య రావాలి. మీట పేర్లకు వచ్చింది. ఘాతాంకాలకు ఒకటి తక్కువ వచ్చింది. ఒక పట్టిక గడిలో ముగింపు గుర్తు లేకుండా పోయింది, దాన్ని చేత్తో దిద్దాను.

రైటర్‌లో పనిచేసిన రచయిత ఒకరు ఉన్నారు. అక్కడి ఓడీటీ ఫైలులో డైరెక్ట్ ఫార్మాటింగ్‌ను దాచే తీరే వేరు. పెట్టిన ప్రతి పూతనూ ఆటోమేటిక్ స్టైల్‌గా మార్చి, దానికి పేరా అయితే పీ1, పీ2 అనీ, అక్షరాలైతే టీ1, టీ2 అనీ పేర్లు పెట్టి ఫైలులోకి ఎక్కిస్తుంది. ఆ పేర్లు వాడేవారి స్టైల్స్ జాబితాలో కనిపించవు. వాటిని తీయడానికి రైటర్‌లో కంట్రోల్-ఎం. వారి అధ్యాయాన్ని వర్డ్ ఫైలుగా మార్చకముందే అక్కడే కడిగి పంపమన్నాను. మారుస్తూ తెచ్చిన పూతను ఇక్కడ విప్పడం కంటే అది సులువు.

చివరికి మిగిలింది పట్టికలు. టేబుల్ స్టైల్‌లో సైజు 9 పాయింట్లు పెడితే గడుల్లో అది కనబడటం లేదని వారి ప్రశ్న. పొరల వరుసలో టేబుల్ స్టైల్ పేరాగ్రాఫ్ స్టైల్ కింద ఉంది. గడిలోని పేరా బాడీ టెక్స్ట్ అయితే దాని సైజే నెగ్గుతుంది. గడుల కోసం పట్టిక పాఠం అని ప్రత్యేకంగా పేరాగ్రాఫ్ స్టైల్ చేసి, సైజును, రెండు లిపుల గడుల్లోనూ, దానిలోనే పెట్టాను. టేబుల్ స్టైల్‌కు గీతలూ ఛాయలూ మాత్రమే వదిలాను.

ఫైలు అప్పగించేటప్పుడు రివ్యూ ట్యాబ్‌లోని ఎడిటింగ్ పరిమితుల్లో, ఎంపిక చేసిన స్టైల్స్ తప్ప మరేదీ వాడకుండా కట్టడి పెట్టాను. అది అమల్లో ఉన్నంతసేపు బోల్డ్ బటన్, సైజు పెట్టె నొక్కడానికి లొంగవు. మొదటి వారంలోనే ఒకరు ఫోను చేసి పై అంకె ఎలా పెట్టాలని అడిగారు. పై అంకె స్టైల్‌కూ మీట పేరు స్టైల్‌కూ కీబోర్డు సత్వరమార్గాలు కేటాయించి పంపాను. మూడో అధ్యాయానికి తెప్పించిన పాత ప్రతిలో ఆ తర్వాత చేసిన రెండు సవరణలు లేవని కూడా అదే ఫోనులో తెలిసింది. అవి రచయితే మళ్లీ చేర్చారు.